సాక్షి, నిఘా: దుకాణంలోని కెమెరాపై ఒక నైతిక విచారణ

తెలుగునాట నేడు ఏ వస్త్రదుకాణంలోకి, మందుల షాపులోకి, సూపర్ మార్కెట్‌లోకి అడుగుపెట్టినా గుమ్మం దగ్గరే ఒక వాక్యం ఎదురవుతుంది: "మీరు సిసి కెమెరా నిఘాలో ఉన్నారు". వ్యాకరణదృష్టితో పరిశీలిస్తే ఇది చిత్రమైన వాక్యం. చూపుకు గురయ్యేవారు ఇందులో ఉన్నారు. మధ్యమపురుషలో, గౌరవార్థక బహువచనంలో ఉన్నారు. చూసే సాధనమూ ఉంది. చూసేవారు మాత్రం లేరు. "మేము మిమ్మల్ని చూస్తున్నాము" అని ఏ దుకాణదారూ రాయడు. అలా రాస్తే కొనడానికి వచ్చినవారు నొచ్చుకుంటారని అతనికి తెలుసు. కర్తను లోపింపజేయడం ఇక్కడ మర్యాద కోసమే జరిగినా, దానితోపాటు ఒక నైతికసంబంధం కూడా వాక్యం నుండి తొలగిపోయింది. ఆ లోపించిన కర్త ఎవరు, అతని చూపు ఏ జాతికి చెందినది, ఆ చూపుకు అతడు ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్నవి ఈ వ్యాసం పరిశీలించదలచిన ప్రశ్నలు.

చూపును చెప్పే మాటలు తెలుగులో చాలా ఉన్నాయి. వాటిలో మూడింటిని ఇక్కడ వేరుచేసి చూడడం అవసరం. మొదటిది 'కనిపెట్టడం'. పసిబిడ్డను కనిపెట్టుకొని ఉండమంటాం, దొంగను కనిపెట్టామంటాం. ఒకే ధాతువు ప్రేమకూ పట్టివేతకూ పనికివస్తున్నది. రెండవది 'నిఘా'. పారసీకంలో, ఉర్దూలో 'నిగాహ్' అంటే చూపు మాత్రమే. ఉర్దూ గజళ్ళలో అది చాలాచోట్ల ప్రియురాలి చూపు. తెలుగులో ఆ శృంగారార్థం నిలవలేదు. మనకు ఆ మాట పరిపాలనకూ పోలీసు వ్యవహారానికీ సంబంధించిన మాటగానే స్థిరపడింది, అందువల్ల అనుమానాన్ని వెంటబెట్టుకొనే ఉంటుంది. మూడవది 'సాక్షి'. స్వయంగా చూసినవాడు అన్న అర్థంలో పాణిని ఈ శబ్దాన్ని సాధించాడు. సాక్షి చూడడానికి బయలుదేరినవాడు కాడు. సంఘటన జరిగినప్పుడు అక్కడ ఉన్నవాడు. అడిగినప్పుడే చెబుతాడు. ఉభయపక్షాలకూ సమానంగా అందుబాటులో ఉంటాడు. ఈ లక్షణాలలో ఏ ఒక్కటి లోపించినా అతడు సాక్షి కాక, ఒక పక్షానికి వేగులవాడవుతాడు.

దుకాణంలో కెమెరాను సమర్థించేవారందరూ దాన్ని సాక్షిగానే వర్ణిస్తారు. ఏదైనా జరిగితే చూసుకోవడానికి ఉంటుందని అంటారు. ఈ సమర్థన పాత తరహా కెమెరాకు చాలావరకు వర్తిస్తుంది. కోయాక్సియల్ కేబుల్ ద్వారా చిత్రం దుకాణంలోనే గల్లాపెట్టె కిందనో, మేడమెట్ల పక్కనో ఉండే డివిఆర్ పెట్టెలోకి చేరేది. డిస్కు నిండగానే పాత దృశ్యం మీద కొత్త దృశ్యం పడేది. సరుకు పోతేనో, గొడవ జరిగితేనో తప్ప దాన్ని తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. మసకగా కనిపించేది, త్వరగా మరచిపోయేది. మరచిపోగలగడం దాని సాంకేతిక దౌర్బల్యమే అయినా, అది తెలియకుండానే నైతికమైన రక్షణగా కూడా పనిచేసింది.

నెట్‌వర్క్ కెమెరా అలా కాదు. స్వీడన్‌కు చెందిన ఆక్సిస్ సంస్థ 1996లో నెట్‌ఐ 200 పేరుతో తొలి నెట్‌వర్క్ కెమెరాను విడుదల చేసినప్పుడు అది నత్తనడకన చిత్రాలు పంపే ఒక వింతవస్తువు. నేడు ఒకే కేబుల్ మీద విద్యుత్తునూ చిత్రాన్నీ నడిపే ఈ కెమెరాలు తమలో తామే చిన్న కంప్యూటర్లు. యజమాని ఎక్కడున్నా ఫోన్‌లో దుకాణం కనిపిస్తుంది. గీసిన గీత దాటితే, ఒకచోట నిర్ణీతకాలానికి మించి నిలబడితే హెచ్చరిక వస్తుంది. జనాన్ని లెక్కిస్తుంది, ముఖాన్ని ముఖంతో పోలుస్తుంది. దుకాణదారు దీన్ని 'అప్‌గ్రేడ్' అంటాడు. పాతదాన్నే మెరుగుపరిచానని అనుకుంటాడు. జరిగింది మెరుగుదల కాదు, జాతి మారడం. జరిగిన తరువాత అడిగితే చెప్పే సాక్షి స్థానంలోకి, జరగకముందే అడగకుండానే చెప్పే మరొకరు వచ్చారు. ఈ మార్పును ఎవరూ నిర్ణయించలేదు; కెమెరాతోపాటు వచ్చింది.

ఒక సంఘటన చెప్పవలసి ఉంది. వరంగల్‌లో ఈ వ్యాసకర్త కుటుంబం ఏళ్ళ తరబడి బట్టలు కొంటున్న ఒక దుకాణంలో చీరల విభాగంలో పనిచేసే ఒకామె చెప్పిన విషయమిది. ఒక రాత్రి దుకాణం కట్టేసే వేళ సరుకు లెక్క చూస్తే ఒక గద్వాల చీర తక్కువైంది. ఆ దొంతరను చివరగా విప్పింది ఆమె. మేనేజరు నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ, మిగతావారిని ఇళ్ళకు పంపి ఆమెను ఉండమన్నాడు. అప్పుడామె తానే, "కెమెరా పెట్టి చూడండి సార్" అన్నది. చూశారు. బేరం కుదరక లేచిపోయిన ఒక కుటుంబం ముందున్న చీరలను మడిచేటప్పుడు ఒక కొత్త కుర్రవాడు ఆ చీరను పట్టుచీరల అరలో పెట్టడం స్పష్టంగా కనిపించింది. అరగంటలో ఆమె నిర్దోషి అయింది. పాత కెమెరా అయితే ఆ మూల చీకటిగా ఉండేదని, తన గతి ఏమయ్యేదో అని ఆమె అన్నది. కెమెరా మీద ఆమెకు ఆనాడు కలిగిన కృతజ్ఞతను తక్కువచేసి మాట్లాడే అధికారం విశ్వవిద్యాలయంలో కూర్చున్న మనకు లేదు.

పది రోజుల తరువాత ఆమెను మళ్ళీ పిలిచారు. ఈసారి యజమాని తన ఫోన్‌లో ఒక దృశ్యం చూపించాడు. మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, ఆమె కౌంటరు వెనుక బోర్లించిన అట్టపెట్టె మీద కొద్దిసేపు కూర్చున్నది. అరపూట జీతం కోశారు. దొంగతనం పట్టుకోవడానికి పెట్టిన కన్ను కూర్చోవడాన్ని పట్టుకుంది. రెండు దృశ్యాలనూ తీసింది ఒకే కెమెరా, ఒకే కోణం నుండి. మొదటి దృశ్యంలో అది సాక్షి, రెండవ దానిలో నిఘా. తేడా యంత్రంలో లేదు; ఎవరు, ఎవరి కోసం, ఏమి జరిగినందుకు చూశారన్న దానిలో ఉంది. మొదటిసారి ఒక వివాదం ఉంది, చూడమని అడిగింది నింద పడినామె. రెండవసారి వివాదం లేదు, అడిగినవారు లేరు; చూస్తూ ఉండగా ఒక 'తప్పు' దొరికింది. నేరం ముందు, విచారణ తరువాత అన్న క్రమం తలకిందులైంది.

(కూర్చోవడం నేరమా అన్న ప్రశ్నకు దక్షిణాదిలో చట్టం జవాబు చెప్పవలసి వచ్చింది. దుకాణాలలో పనిచేసేవారికి కూర్చునే హక్కును కేరళ 2018లోనూ, తమిళనాడు 2021లోనూ చట్టసవరణల ద్వారా ఇచ్చాయి. కోళికోడ్ వస్త్రదుకాణాల స్త్రీలు అందుకు సాగించిన పోరాటం ప్రత్యేకంగా అధ్యయనం చేయదగినది.)

ఇక్కడ సంప్రదాయం నుండి ఒక ఆక్షేపణ రావచ్చు. ఎల్లవేళలా చూస్తూ ఉండే కన్ను మన భావనకు కొత్తదా? సూర్యచంద్రులు చూస్తున్నారు, అంతరాత్మ చూస్తున్నది అని తరతరాలుగా చెప్పుకొంటున్నాం కదా. తప్పు చేయనివానికి చూపంటే భయమెందుకు? ఈ ఆక్షేపణకు మంచి సమాధానం ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోనే ఉంది. నన్నయ శకుంతల నిండుసభలో దుష్యంతునితో, మనుష్యుని నడవడిని వేదాలూ పంచభూతాలూ ధర్మమూ సంధ్యలూ ఎరుగుతాయని చెబుతుంది. ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారన్నది ముఖ్యం. అంటున్నది చేతిలో ఏ ఆధారమూ లేని స్త్రీ. వింటున్నది సింహాసనం మీద కూర్చొని, జరిగింది తెలిసీ తెలియదంటున్న రాజు. మానవసాక్షి దొరకని బలహీనురాలు బలవంతునికి ఎదురుగా పిలిచిన సాక్షులవి. గాలీ నిప్పూ నీరూ రాజు కొలువులో లేవు. అతని జీతం తినవు. అందుకే అవి సాక్ష్యానికి అర్హమైనాయి. దుకాణం పైకప్పులోని కెమెరాను దీనితో పోల్చాలంటే, పంచభూతాలను దుష్యంతుడే కొని, తన అంతఃపురంలో అమర్చి, వాటి మాట వినే అధికారం తనకొక్కనికే ఉంచుకున్నట్టు ఊహించుకోవాలి. అప్పుడు శకుంతల గతేమిటి?

పాశ్చాత్య తత్త్వచింతనలో ఈ ప్రశ్నను ఎక్కువగా గైజీస్ ఉంగరం కథతో మొదలుపెడతారు. ప్లేటో 'రిపబ్లిక్' రెండవ భాగంలో వచ్చే ఆ కథలో, అదృశ్యుణ్ణి చేసే ఉంగరం దొరికిన గొర్రెలకాపరి రాణిని వశపరచుకొని, రాజును చంపి రాజ్యం కాజేస్తాడు. ఎవరూ చూడకపోతే మనిషి నీతిగా ఉంటాడా అన్నది అక్కడి సమస్య. కెమెరాను సమర్థించేవారు ఈ కథను తమ పక్షాన చెబుతారు: వినియోగదారుని వేలికి ఉంగరం లేకుండా చేయడమే తమ పని అంటారు. కానీ నెట్‌వర్క్ కెమెరా వచ్చిన దుకాణంలో అదృశ్యంగా ఉన్నది ఎవరు? కొనేవారూ అమ్మేవారూ వెలుగులో ఉన్నారు. ఫోన్‌లో చూస్తున్నవాడు కనిపించడు. చూస్తున్నాడో లేదో కూడా తెలియదు. ఉంగరం మాయం కాలేదు, వేలు మారింది. ప్లేటో ప్రశ్నను ఇప్పుడు చూసేవానికి వేయాలి. తాను చూస్తున్నట్టు ఎవరికీ తెలియనప్పుడు అతడు ఏమి చూస్తాడు, ఎంతసేపు చూస్తాడు, ఎవరిని చూస్తాడు? ఈ ప్రశ్న ఊహామాత్రం కాదు. స్త్రీని ఏకాంతంలో చాటుగా చూడడాన్నీ చిత్రించడాన్నీ 2013లో భారత శిక్షాస్మృతిలో ప్రత్యేక నేరంగా చేర్చవలసి వచ్చింది. ట్రయల్ రూములోకి వెళ్ళిన ఆడపిల్ల ముందుగా పైకప్పు వైపు చూడడం మనమెరిగినదే.

బెంథామ్ పనాప్టికాన్‌ను ఫూకో 1975లో వెలువరించిన గ్రంథం తరువాత అందరూ కారాగార నమూనాగానే స్మరిస్తారు. దాని పుట్టుక కార్ఖానాలో జరిగిందన్న సంగతి అంతగా ప్రస్తావనకు రాదు. జెరెమీ బెంథామ్ తమ్ముడు శామ్యూల్, నేటి బెలారుస్‌లోని క్రిచెవ్‌లో పొటెమ్కిన్ ఎస్టేటు మీద పనివారిని ఒకచోటి నుండి కనిపెట్టడానికి ఇటువంటి భవనాన్ని ఊహించాడు. తమ్ముణ్ణి చూడడానికి వెళ్ళిన అన్న 1787లో అక్కడి నుండే లేఖలు రాశాడు. అవి 1791లో అచ్చయ్యాయి. ఖైదీ తరువాత వచ్చాడు, పనివాడు ముందున్నాడు. మన దుకాణాలలో కెమెరాలు ఎటు తిరిగి ఉన్నాయో గమనిస్తే ఈ వంశవృక్షం అర్థమవుతుంది. కొనేవారు దుకాణంలో ఉండేది గంటసేపు, పనిచేసేవారు ఉండేది పది గంటలు. దొంగతనం పేరుతో పెట్టిన చూపులో అధికభాగం భరిస్తున్నది వారే.

మన ప్రాచీనులు బజారును చూడమన్న తీరు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అర్థశాస్త్రం నాలుగవ అధికరణమైన కంటకశోధనంలో 'వైదేహకరక్షణం' అనే అధ్యాయం ఉంది. వైదేహకుడంటే వర్తకుడు. పేరు చూసి వర్తకులకు రక్షణ అనుకుంటాం. లోపల ఉన్నది వర్తకుల నుండి ప్రజలకు రక్షణ. తప్పుడు తూకాలు, తప్పుడు కొలతలు, నాసిరకం సరుకును మేలురకమని అమ్మడం, వర్తకులు కూడబలుక్కొని ధర పెంచడం — వీటికి దండనలు అక్కడ ఉన్నాయి. దాని ముందరి అధ్యాయం చివర కౌటిల్యుడు దొంగలని పిలువబడని దొంగలలో వర్తకులనూ చేర్చాడు. కౌటిల్యుడు నిఘాకు విరోధి కాడు. గూఢచారులను ఇంతగా నమ్ముకొన్న శాస్త్రకారుడు మరొకడు లేడు. అయినా బజారులో అతని చూపు త్రాసు పట్టినవాని మీద ఉంది, సంచి పట్టినవాని మీద కాదు. నేడు అన్ని కెమెరాలున్న దుకాణంలో తూకం వేసే చేతిని కొనేవానికి చూపించే కెమెరా ఒక్కటైనా ఉందా? బిల్లు కౌంటరులో ధర మనవైపు కనిపించేలా తిప్పి ఉంచే చిన్న తెర ఒక్కటే కౌటిల్యుని అధ్యాయానికి మిగిలిన వారసత్వం.

చూపు యంత్రానిదైనప్పుడు అనుమానం కూడా యంత్రానిదవుతుంది. దీనికి అమెరికాలోని రైట్ ఎయిడ్ మందుల దుకాణాల ఉదంతం ఇప్పటివరకు దొరికిన స్పష్టమైన నిదర్శనం. ఆ సంస్థ 2012 నుండి 2020 వరకు వందలాది దుకాణాలలో ముఖాలను గుర్తించే వ్యవస్థను వాడింది. గతంలో దొంగతనం చేశారనో, చేయబోయారనో అనుమానించిన వ్యక్తుల చిత్రాలు ఒక జాబితాగా ఉండేవి. అవి చాలాచోట్ల మసకచిత్రాలు, దుకాణం కెమెరాల నుండో ఉద్యోగుల ఫోన్ల నుండో తీసినవి. లోపలికి వచ్చిన ముఖం జాబితాలోని ముఖంతో పోలిందని యంత్రం అనగానే సిబ్బందికి సందేశం వెళ్ళేది. వారు వెంబడించేవారు, బయటికి వెళ్ళమనేవారు, పోలీసులను పిలిచేవారు. వేలసార్లు పోలిక తప్పింది. స్త్రీల విషయంలోనూ, నల్లజాతివారూ ఆసియావాసులూ ఎక్కువగా ఉన్న ప్రాంతాలలోనూ ఎక్కువగా తప్పింది. పదకొండేళ్ళ బాలికను ఆపి సోదా చేసిన సందర్భం కూడా ఉంది. 2023 డిసెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థ ఐదేళ్ళపాటు ముఖగుర్తింపును వాడకుండా నిషేధించింది. ఇక్కడ యంత్రం పొరబడడం ఒక దోషం. యంత్రం మాటకు మనిషి తన వివేకాన్ని అప్పగించడం అంతకంటె పెద్ద దోషం. ఆ బాలికను ఆపిన ఉద్యోగి తన కళ్ళతో చూసినది ఒక బాలికను. యంత్రం చెప్పిన మాట అతని కళ్ళకంటె బలమైనదయింది.

ముఖగుర్తింపు లేకపోయినా 'ఎక్కువసేపు నిలబడడం' అనే హెచ్చరిక దాదాపు ప్రతి నెట్‌వర్క్ వ్యవస్థలోనూ దొరుకుతుంది. దుకాణంలో ఎక్కువసేపు నిలబడేది ఎవరు? కొనాలని ఉండీ డబ్బు చాలనివారు. రావిశాస్త్రి 'జరీ అంచు తెల్లచీర' చదివిన తెలుగు పాఠకునికి ఆ ఆశ ఎటువంటిదో వివరించనక్కరలేదు. అటువంటి అమ్మాయి ఒకతె నేడు అద్దాల బీరువా ముందు ఆగిపోతే, యంత్రానికి అది ఆశగా కనిపించదు; కాలపరిమితి దాటిన ఒక ఆకారంగా కనిపిస్తుంది. పేదరికపు తటపటాయింపూ దొంగ పొంచి ఉండడమూ క్షణాల లెక్కలో ఒకటే. పాత కిరాణాకొట్టు యజమాని కూడా అనుమానంతో చూసేవాడే; అక్కడ పేదవానికి అవమానం తక్కువేమీ కాదు, కులం తెలిసిన చూపు యంత్రపు చూపుకంటె దయగలదని అనడం అసత్యం. అయితే ఆ చూపు ఎదురుచూపుకు లోబడి ఉండేది. అతడు చూస్తే మనం తిరిగి చూడగలిగేవాళ్ళం, అడగగలిగేవాళ్ళం, మరో కొట్టుకు పోగలిగేవాళ్ళం.

దుకాణదారు పక్షాన చెప్పవలసినది కూడా ఉంది. చిన్నవ్యాపారికి లాభం పలచన. పోయిన ఒక్క వస్తువు నష్టం పూడాలంటే అటువంటివి ఎన్నో అమ్మాలి. రాత్రి పది గంటలకు ఒంటరిగా షట్టరు దించే ఉద్యోగినికి కెమెరా ధైర్యం. పైగా కెమెరా పెట్టడం అతని ఇష్టానికి వదిలిన విషయం కూడా కాదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగాయి. అదే ఏడు ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ప్రజాభద్రతా చట్టం, జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు అమర్చుకోవాలనీ, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలనీ, పోలీసులు అడిగినప్పుడు ఇవ్వాలనీ నిర్దేశించింది. ఆ తరువాత హైదరాబాదులో వీధి దుకాణాలనూ కాలనీలనూ కెమెరాలు పెట్టుకోమని ప్రోత్సహించిన కార్యక్రమానికి పోలీసులు ఎంచుకొన్న పేరు 'నేను సైతం'. మహాప్రస్థానంలోని 'జయభేరి' నుండి పీడితుని పక్షాన పలికిన ఆ రెండు మాటలు నిఘావ్యవస్థ నామఫలకం మీదికి ఎక్కడం తెలుగు సాహిత్యవిద్యార్థి నవ్వాలో ఏడవాలో తెలియని అర్థవిపరిణామం. అయినా ఆ పేరులోని ఒక అంశం సరైనదే: చూపుకు అందులో కర్త ఉన్నాడు, ఉత్తమపురుషలో ఉన్నాడు.

చట్టం ఎంతవరకు తోడువస్తుందో చూద్దాం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆంతరంగికతను ప్రాథమికహక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించింది. అది ప్రధానంగా రాజ్యానికి ఎదురుగా నిలిచే హక్కు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది గానీ, ఉద్యోగసంబంధమైన అవసరాలకూ, యజమానిని నష్టం నుండి కాపాడే ప్రయోజనాలకూ సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకొనే వెసులుబాటు అందులో ఉంది. చీరల విభాగంలోని ఆమె స్థితి సరిగ్గా ఆ వెసులుబాటు కింద పడుతుంది. ఇక దృశ్యాలు యజమాని దగ్గరే భద్రంగా ఉంటాయన్న నమ్మకమూ లేదు. 2016లో మిరాయి అనే దుష్టప్రోగ్రాము, కొన్ననాటి పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ రికార్డర్లనూ వేలకొలదిగా వశపరచుకొన్నది. 2021లో అమెరికాకు చెందిన వెర్కాడా సంస్థ ద్వారా నడిచే సుమారు లక్షా యాభైవేల కెమెరాల దృశ్యాలు పరాయివారికి తెరుచుకొన్నాయి. కాపలాకు పెట్టినవానికే కాపలా కావలసివచ్చింది.

చట్టం చెప్పనిచోట నీతి ఏమి అడగాలి? సాక్షి లక్షణాలనే కొలమానంగా తీసుకొంటే సమాధానం అంత దుర్లభం కాదు. వివాదమంటూ ఏర్పడ్డాకే దృశ్యం తెరవాలి. తీరిక వేళ యజమాని కాలక్షేపానికి కాదు. నష్టం కోసం తీసిన చిత్రాన్ని నడవడి దిద్దడానికి వాడితే అది అబద్ధసాక్ష్యంతో సమానం, ఎందుకంటే అది మరొక ప్రశ్నకు ఇచ్చిన జవాబు. నింద పడినవారు కూడా, యజమాని అంత సులువుగానే, ఆ దృశ్యాన్ని అడిగి తీసుకోగలగాలి. వీటిలో చివరిదే అన్నిటికంటె కష్టమైనది, అన్నిటికంటె తక్కువగా చర్చకు వచ్చేది. మరచిపోవడం గురించి మాత్రం ఈ వ్యాసకర్తకు ఒక సందిగ్ధం మిగిలి ఉంది. దృశ్యాలు త్వరగా చెరిగిపోవాలన్నది సాధారణంగా బలహీనునికి మేలుచేసే నియమం. అయితే బలహీనుని నిర్దోషిత్వానికి ఆధారం కూడా అదే డిస్కులో ఉంటుంది. నియమం దాన్ని కూడా చెరిపేస్తుంది. ఎవరి దగ్గర ప్రతి మిగులుతుందన్నది తేలకుండా ఎన్నాళ్ళకు చెరపాలన్న ప్రశ్న తేలదు.

అరపూట జీతం కోసిన తరువాత ఆమె పని మానలేదు; మానే స్థితి లేదు. కొన్ని వారాలకు మరో దుకాణంలో చోటు ఉందని తెలిసి, గద్వాల చీర సంగతి అక్కడివారి చెవిన పడి ఉంటుందన్న అనుమానంతో, తాను నిర్దోషినని తేలిన ఆ దృశ్యాన్ని తన ఫోన్‌కు పంపమని మేనేజరును అడిగింది. నెల దాటిందమ్మా, అది చెరిగిపోయింది అన్నాడు. అట్టపెట్టె మీద కూర్చున్న దృశ్యం సంగతి ఆమె అడగలేదు. అది యజమాని ఫోన్‌లో ఇంకా ఉందని ఆమెకు తెలుసు.